కాంట్రాక్టర్లలో పెద్ద వయసువాళ్లే ఎక్కువ ఎందుకు? 38 ఏళ్లకు పర్మనెంట్ ఉద్యోగం వదిలి రావచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మీకు 38 ఏళ్లు, పద్నాలుగేళ్ల పర్మనెంట్ అనుభవం. మీ ఐటీ ప్రాజెక్టులో కంపెనీ ఉద్యోగులంతా ముప్పైల్లో, ఇంకా చిన్నవాళ్లు కూడా. కొన్ని నెలల ఒప్పందం మీద బయట నుంచి వచ్చిన కాంట్రాక్టర్లు మాత్రం దాదాపు అందరూ నలభై ఐదు దాటినవాళ్లే. ఇది మీ దగ్గరేనా, అంతటా ఇంతేనా, లెక్కలేమైనా ఉన్నాయా? కాంట్రాక్టింగ్‌లో వయసు పట్టించుకోరు అనేది నిజమేనా? నిజమైతే ఇప్పుడే మారిపోవాలా? మారితే చిన్నవాళ్ల కింద పనిచేయడం ఎలా ఉంటుంది?

ముందు సూటిగా చెప్పేస్తాను. అంతటా దాదాపు ఇంతే. స్వతంత్రంగా పనిచేసేవాళ్ల వయసూ అనుభవమూ పర్మనెంట్ వాళ్లకంటే ఎక్కువే ఉంటాయి. వయసు పట్టించుకోరు అనేది మాత్రం సగమే నిజం. పర్మనెంట్‌కి తీసుకునేటప్పుడు కంపెనీ మీ రాబోయే పదేళ్ల మీద డబ్బు పెడుతుంది. కాంట్రాక్టుకి తీసుకునేటప్పుడు మీరు గడిపేసిన పదేళ్లను కొనుక్కుంటుంది. అందుకే ఒకచోట బరువనిపించిన వయసు ఇంకోచోట సరుకవుతుంది. అయితే ఆ గడిచిన పదేళ్లలో అమ్ముడుపోయే సరుకు ఉండాలి. మారాలా వద్దా అన్నది దాన్నిబట్టే తేల్చుకోండి. 38 అన్న అంకెను చూసి కంగారుపడనక్కర్లేదు.

నేనెవరో కూడా చెప్పాలి కదా. చాలా ఏళ్లు ఉద్యోగం చేసి, నలభై దాటాక కాంట్రాక్టింగ్‌లోకి వచ్చాను. మధ్యలో క్లయింట్ తరఫున కూర్చుని కాంట్రాక్టర్లను ఇంటర్వ్యూ చేసిన రోజులూ ఉన్నాయి. నా పని ఎక్కువగా డేటాబేస్ మైగ్రేషన్లు, పాత సిస్టమ్‌లను కొత్తవాటికి మార్చడం. కాబట్టి నా మాటల్లో ఆ వాసన ఉంటుంది. గేమ్స్, మొబైల్ యాప్‌ల వైపు ఉన్నవాళ్ల అనుభవం వేరుగా ఉండొచ్చు.

లెక్కలు అడిగారు కాబట్టి ఒకటి చెప్తాను. అమెరికా ప్రభుత్వ కార్మిక గణాంకాల సంస్థ 2017 మేలో ఒక సర్వే చేసింది. స్వతంత్ర కాంట్రాక్టర్లలో ప్రతి ముగ్గురిలో ఒకరికి మించి 55 ఏళ్లు, ఆ పైబడినవాళ్లే. మామూలు ఉద్యోగుల్లో ఆ వయసువాళ్లు నలుగురిలో ఒకరికంటే తక్కువ. ఇది అన్ని వృత్తులనూ కలిపి చేసిన లెక్క, ఐటీది విడిగా కాదు. అందుకని ఆ నిష్పత్తిని యథాతథంగా మనకు అంటించుకోకూడదు, గాలి ఎటు వీస్తోందో మాత్రం తెలుస్తుంది. అదే సర్వేలో కాంట్రాక్టర్లలో 79 శాతం మంది మాకు ఈ పద్ధతే ఇష్టం అన్నారు. అలాగని డబ్బు కుప్పలు పోసుకుంటున్నారనుకునేరు! ఫుల్‌టైమ్ పనిచేసే కాంట్రాక్టర్ల వారపు సంపాదన మధ్యస్థంగా 851 డాలర్లు, ఉద్యోగులది 884. మన రంగంలో రేట్లు దీనికంటే బాగుంటాయి గానీ, ఆ విషయానికి తర్వాత వస్తాను.

ఇక ఎందుకిలా అన్నది.

మొదటి కారణం అందరికీ తెలిసిందే. కాంట్రాక్టర్‌కి నేర్పడానికి ఎవరికీ తీరిక ఉండదు. సోమవారం చేరతారు, లాగిన్లు వచ్చేసరికి బుధవారం అవుతుంది, ఆ పైవారానికల్లా పని కనబడాలి. ఫ్రెషర్‌ని అలా ఎవరూ పెట్టుకోరు.

రెండోది కంపెనీల నిర్మాణంలోనే ఉంది. కింద చాలామంది, పైన కొద్దిమంది. నలభై దగ్గరికి వచ్చేసరికి దారి ఇరుకవుతుంది. మేనేజర్ అవ్వాలి, లేదంటే ఉన్నచోటే ఉండిపోవాలి. అప్రైజల్ ఫారాలు నింపడం కంటే కోడ్ చూడటమే ఇష్టమనుకునేవాళ్లలో చాలామంది ఆ మలుపులో బయటికొస్తారు. అందరూ ఇష్టపడే వస్తారని కూడా చెప్పలేను. లేఆఫ్‌లో ఉద్యోగం పోయి, నెలల తరబడి ఇంకోటి దొరక్క, ప్రొఫైల్‌లో ‘ఇండిపెండెంట్ కన్సల్టెంట్’ అని రాసుకున్నవాళ్లు నాకు తెలుసు. అలా మొదలుపెట్టి నిలదొక్కుకున్నవాళ్లూ ఉన్నారు. కాబట్టి కాంట్రాక్టర్లలో పెద్దవాళ్లు ఎక్కువ కనబడుతున్నారంటే మార్కెట్ వాళ్లను నెత్తిన పెట్టుకుంటోందని మాత్రమే అర్థం చేసుకోకండి. పర్మనెంట్ తలుపు మూసుకుపోవడం కూడా అందులో కొంత ఉంది.

మూడోది పరిచయాలు. మంచి కాంట్రాక్టులు సగం పైగా ఎవరో పాత మేనేజర్ ఫోన్ చేసి “ఖాళీగా ఉన్నావా?” అంటే వచ్చేవే. మీతో పనిచేసినవాళ్లు నాలుగు కంపెనీలకు చెదిరిపోయి, అక్కడ డబ్బు ఖర్చుపెట్టే స్థాయికి ఎదగాలి. దానికి పదిహేనేళ్లు పడుతుంది. పాతికేళ్ల కుర్రాడు ఎంత తెలివైనవాడైనా అతని స్నేహితులంతా ఇంకా జూనియర్లే.

నాలుగోది పాత టెక్నాలజీ. కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాష 1959లో పుట్టింది. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ వల్ల నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు న్యూజెర్సీ గవర్నర్ టీవీ ముందుకొచ్చి కోబాల్ తెలిసినవాళ్లు సాయానికి రండి అని అడగాల్సి వచ్చింది. ఎస్ఏపీ అనే బిజినెస్ సాఫ్ట్‌వేర్ కంపెనీ తన పాత ఈసీసీ ప్యాకేజీకి మామూలు మెయింటెనెన్స్‌ను 2027 చివరితో ఆపేస్తానంది. దాని మీద బతుకుతున్న కంపెనీలకు పాతదీ కొత్తదీ రెండూ తెలిసినవాళ్లు కావాలి. తేదీని 32 బిట్లలో సెకన్లుగా లెక్కపెట్టే సిస్టమ్‌లకు 2038 జనవరి 19తో అంకెలు అయిపోయి తేదీలు తప్పుతాయి, దానికోసం కూడా ఎవరో పాత కోడ్ తవ్వాల్సిందే. ఇలాంటి పనులు కొన్నాళ్లు ఉండి అయిపోతాయి. అందుకే పర్మనెంట్‌గా ఎవరినీ పెట్టుకోరు, కాంట్రాక్టుకే ఇస్తారు.

ఇంకో కారణం ఉంది, ఎవరూ పైకి అనరు. మేనేజర్‌కి 34 ఏళ్లు అనుకోండి. తన టీమ్‌లోకి 50 ఏళ్ల మనిషిని పర్మనెంట్‌గా తీసుకోవాలంటే లోలోపల టెన్షన్. నా మాట వింటాడా, రేపు నా కుర్చీకే ఎసరు పెడతాడా, ఇతనికి ఏ గ్రేడ్ ఇవ్వాలి, జీతం బ్యాండ్ దాటిపోతే హెచ్ఆర్‌కి ఏం చెప్పాలి? అదే మనిషి కాంట్రాక్టర్‌గా వస్తే ఈ ప్రశ్నలేవీ ఉండవు. అతనికి ప్రమోషన్ అక్కర్లేదు, గ్రేడ్ లేదు, ఆర్నెల్ల తర్వాత వెళ్లిపోతాడు. డబ్బు కూడా హెడ్‌కౌంట్, అంటే పర్మనెంట్ ఉద్యోగుల లెక్కలోంచి కాక ప్రాజెక్టు బడ్జెట్‌లోంచి వెళ్తుంది. క్లయింట్ తరఫున ఇంటర్వ్యూలకు కూర్చున్నప్పుడు చూశాను. పర్మనెంట్ పోస్టుకి వద్దన్న మనిషినే అదే మేనేజర్ మరుసటి నెల కాంట్రాక్టుకి సంతోషంగా తీసుకున్నాడు. మనిషి మారలేదు, డబ్బు వెళ్లే ఖాతా మారింది.

కొనేది ఏళ్లను కాదు, ఆ ఏళ్లలో పడిన దెబ్బలను. ఒక ఉదాహరణ చెప్తాను. బిల్లింగ్ సిస్టమ్ మైగ్రేషన్. శనివారం రాత్రి పదింటికి పాతది ఆపి, ఆదివారం పొద్దున ఆరింటికల్లా కొత్తది తెరవాలి. టీమ్ చాలా చక్కటి రన్‌బుక్ రాసుకుంది, ప్రతి అడుగుకీ నిమిషాలతో సహా. రిహార్సల్‌కి ముందు మీటింగులో అరవైకి దగ్గరపడ్డ ఒక కాంట్రాక్టర్ అంతా విని ఒకటే అడిగాడు: “ఎన్ని గంటలు దాటితే మనం వెనక్కి పోలేం?” ఎవరి దగ్గరా జవాబు లేదు. రోల్‌బ్యాక్ (పాతదానికి తిరిగి వెళ్లడం) అని ఒక లైను ఉంది గానీ, దానికి ఎంతసేపు పడుతుందో ఎవరూ లెక్కేయలేదు. ఆయన లేచి బోర్డు మీద రాశాడు. పాత డేటా తిరిగి ఎక్కించడానికి నాలుగు గంటలు, సరిచూసుకోవడానికి ఒక గంట. ఆరింటికి తెరవాలంటే రాత్రి ఒంటిగంటకే తేల్చుకోవాలి. ఒంటిగంటకి ఫలానా డేటా టేబుల్ కొత్త సిస్టమ్‌లోకి ఎక్కడం పూర్తికాకపోతే ఇక చర్చ లేదు, వెనక్కే. ఆ రాత్రి ఇండెక్స్‌లు (డేటాను త్వరగా వెతికే పట్టికలు) తయారవడానికి అనుకున్నదానికి రెట్టింపు సమయం తీసుకున్నాయి. ఒంటిగంటకి టేబుల్ సగమే ఎక్కింది. కుర్రాళ్లు “ఇంకో గంట చూద్దాం” అన్నారు. నియమం ముందే రాసి ఉంది కాబట్టి డైరెక్టర్ వెనక్కి తిప్పమన్నాడు. పొద్దున పాత సిస్టమ్ మామూలుగా తెరుచుకుంది, కస్టమర్లకు ఏం తెలియలేదు. ఆ తర్వాతి వారాంతం పని అయింది.

ఆ పెద్దాయన రాసిన కోడ్ ఆ ప్రాజెక్టులో పెద్దగా లేదు. ఆ ఒక్క ప్రశ్నకే ఆయన రేటు గిట్టుబాటైపోయింది. ఎప్పుడో ఎక్కడో ఒక సోమవారం పొద్దున సిస్టమ్ తెరుచుకోక నరకం చూసినవాడికే ఆ ప్రశ్న తడుతుంది.

ఇప్పుడు దీనికి ఎదురు ఉదాహరణ. ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్న ఒకాయనను ఇంటర్వ్యూ చేశాం. అంతా ఒకే కంపెనీలో. ఏది అడిగినా “మా దగ్గర అలా చేసేవాళ్లం” అంటాడు. మీరు ఏ భాగం చేశారు అంటే “టీమ్ చేసింది” అంటాడు. వాళ్ల సొంత టూల్స్ పేర్లు గడగడా చెప్తాడు, ఆ టూల్స్ ఆ గేటు బయట ఎక్కడా లేవు. మనిషి నెమ్మదస్తుడు, పర్మనెంట్‌గా విలువైనవాడు కూడా. ఆ కంపెనీలో ఏ ఫైలు ఎక్కడుందో అతనికే తెలుసు కదా. కానీ ఆ జ్ఞానం గేటు దాటగానే చెల్లదు. పర్మనెంట్ వాళ్ల అనుభవానికీ కాంట్రాక్టర్ల అనుభవానికీ అసలు తేడా నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఉద్యోగి అనుభవం లోతుకు పోతుంది, కాంట్రాక్టర్ అనుభవం వెడల్పుకు పోతుంది. ఒకే సిస్టమ్‌ని పదేళ్లు చూసినవాడికి తను పెట్టిన డిజైన్ ఐదో ఏడు ఎలా కుళ్లిపోయిందో తెలుస్తుంది. మాలాంటి కాంట్రాక్టర్లకు ఆ పాఠం తక్కువ, కుళ్లకముందే దాటిపోతాం. ఆ విషయంలో పర్మనెంట్ వాళ్లే మాకంటే పండినవాళ్లు, ఒప్పుకోవాలి.

చిన్న వయసు కాంట్రాక్టర్లు లేరా అంటే ఉన్నారు, కొత్త టెక్నాలజీల్లో బాగా ఉన్నారు. సర్వర్ల మీద అప్లికేషన్లను నడిపే కుబర్నెటిస్ మొదటి వెర్షన్ వచ్చింది 2015లో. దాంట్లో ఇరవై ఏళ్ల అనుభవం ఎవరికీ ఉండే వీల్లేదు. ఆరేడేళ్లుగా రోజంతా దానితోనే ఉన్న కుర్రాడు నా జుట్టు తెల్లబడిందని నా ముందు తలవంచాల్సిన పనిలేదు, రేటు నాకంటే ఎక్కువ అడిగినా న్యాయమే.

వయసు దెబ్బకొట్టే చోట్లు. వీటిని దాచిపెట్టి మిమ్మల్ని రమ్మంటే అది మోసం అవుతుంది.

కాంట్రాక్టర్లను కుదిర్చే ఏజెన్సీలో రెజ్యూమెలు వడపోసేది చాలాసార్లు మీ పని ఏమిటో తెలియని మనిషి. మొదటి ఉద్యోగం సంవత్సరం చూస్తాడు, పక్కన పెడతాడు. ఎందుకో మీకు ఎప్పటికీ తెలియదు. కాంట్రాక్టులో ఉన్నవాళ్లకూ అంతే. ఉద్యోగిని తీసేయాలంటే మామూలుగా ఏదో కారణం చెప్తారు, కాగితాలు ఉంటాయి. కాంట్రాక్టర్‌ని తీసేయనక్కర్లేదు, రెన్యూ చేయకుండా ఊరుకుంటే చాలు. బడ్జెట్ లేదన్నారంటే నిజంగా బడ్జెట్ లేదో, మీ పని నచ్చలేదో, మీ వయసు నచ్చలేదో మీరే ఊహించుకోవాలి. అమెరికాలో నలభై దాటిన ఉద్యోగులను వయసు వివక్ష నుంచి కాపాడటానికి 1967లోనే చట్టం చేశారు. నిజమైన స్వతంత్ర కాంట్రాక్టర్‌కి మామూలుగా అది వర్తించదు.

కొత్తది నేర్చుకోవడానికి మీకెవరూ డబ్బివ్వరు. ఉద్యోగిగా ఉంటే కంపెనీ ఏదో ఒక కోర్సుకి పంపుతుంది, లేదా కొత్త ప్రాజెక్టులో పడేస్తుంది. కాంట్రాక్టర్‌ని మాత్రం వచ్చిన పనికే పిలుస్తారు, మళ్లీ మళ్లీ అదే పనికి. హాయిగానే ఉంటుంది, ఆ టెక్నాలజీ పోయేదాకా. వెబ్ పేజీల్లో బొమ్మలు కదిలించే ఫ్లాష్‌కి 2020 చివరితో తెరపడింది. అదొక్కటే నమ్ముకున్నవాళ్ల సంగతి ఊహించుకోండి. ఏడాదికి కొన్ని వారాలు సంపాదన మానుకుని నేర్చుకోవాలి, దాని ఖర్చు మీ రేటులోనే ఉండాలి.

ఒకే క్లయింట్ దగ్గర రిటైర్మెంట్ దాకా సెటిలైపోదాం అనుకునేవాళ్లు కూడా ఆలోచించుకోవాలి. మైక్రోసాఫ్ట్‌లో ఏళ్ల తరబడి పనిచేసిన తాత్కాలిక సిబ్బంది, ఉద్యోగులకిచ్చే సౌకర్యాలు మాకూ కావాలని కోర్టుకెళ్తే 2000లో అది 9.7 కోట్ల డాలర్లకు రాజీ అయింది. బ్రిటన్‌లో ఐఆర్35 నియమాలు 2000లో వచ్చాయి. ఉద్యోగిలా పనిచేసే కాంట్రాక్టర్ ఉద్యోగిలాగే పన్ను కట్టాలంటాయి అవి. 2021 నుంచి ప్రైవేటు రంగంలోనూ మధ్యస్థ, పెద్ద క్లయింట్లే ఆ సంగతి తేల్చాలన్నారు. ఇలాంటి చిక్కులకు భయపడే చాలా కంపెనీలు కాంట్రాక్టర్‌ని ఇన్ని నెలలకు మించి ఉంచుకోవు. మీరు పనిచేయబోయే దేశంలో రూల్ ఏమిటో సంతకం పెట్టకముందే ఆడిటర్‌ని అడగండి.

ఇప్పుడు డబ్బు. రోజు రేటుని 260తో గుణించి మురిసిపోయేవాళ్లను చాలామందిని చూశాను. వారానికి ఐదు చొప్పున ఏడాదికి 260 పనిదినాలు, నిజమే. అందులోంచి పండగ సెలవులు ఒక పది, మీ సొంత సెలవులు ఒక ఇరవై, ఒంట్లో బాగోని రోజులు ఐదు, నేర్చుకోవడానికి పది, ఒక కాంట్రాక్టుకీ ఇంకో కాంట్రాక్టుకీ మధ్య ఖాళీ కనీసం ఇరవై తీసేయండి. మిగిలేది 195. దానితో గుణించి, ఇన్సూరెన్స్, రిటైర్మెంట్ పొదుపు, ఆడిటర్ ఫీజు, లాప్‌టాప్ తీసేసి, అప్పుడు మీ ఇప్పటి జీతంతో పోల్చండి. చాలామందికి ఆ తేడా చూశాక ఉత్సాహం కాస్త చల్లారుతుంది. పైగా యాభై దాటాక ఆ ఖాళీలు పొడుగవుతాయి. ముప్పైల్లో ఉన్నవాళ్లకు ఆర్నెల్ల ఖర్చు చేతిలో ఉంటే చాలంటాను. నలభై ఐదు దాటినవాళ్లకు ఏడాది ఖర్చు ఉండాలని నా లెక్క.

మీరు 38 దగ్గర ఉన్నారు కాబట్టి అన్నిటికంటే ముఖ్యంగా ఆలోచించాల్సింది, ఎవరూ ఆలోచించనిది: తిరిగి రావడం. రెండేళ్లు కాంట్రాక్టు చేసి నచ్చక నలభైకి మళ్లీ పర్మనెంట్‌కి వస్తానంటే రెజ్యూమెలో అదో అధ్యాయంలా చూస్తారు, పెద్ద ఇబ్బంది ఉండదు. పదేళ్లు చేసి యాభైకి వస్తానంటే “ఈయన నిలకడగా ఉంటాడా? ఈయనకి ఇంత జీతం మనం ఇవ్వగలమా?” అనే రెండు ప్రశ్నల దగ్గరే ఆగిపోతుంది. అందుకే మారాలనుకుంటే ఇప్పుడు చేసి చూడటమే నయం, తేడా వస్తే వెనక్కి రావడానికి వీలుంటుంది. అచ్చం ఆ రోల్‌బ్యాక్ లెక్కే.

రాజీనామా ఇవ్వకముందు ఒక పని చేయండి. గత ఐదేళ్లలో మీరు చేసింది అర పేజీలో రాయండి. షరతు ఏమిటంటే మీ కంపెనీ పేరు, లోపలి టూల్స్ పేర్లు, ‘టీమ్’ అనే మాట అందులో రాకూడదు. రాయగలిగారా? దాన్ని మీ కంపెనీలో ఎప్పుడూ పనిచేయని స్నేహితుడికి చూపించి, ఈ మనిషికి రోజుకి ఎంతిస్తావని అడగండి. రాయలేకపోతే మీరు పనికిరారని కాదు. మీ అనుభవం ప్రస్తుతం లోపలి సరుకుగా ఉందని అర్థం. ఏడాది ఆగి, కంపెనీలోనే వేరే ప్రాజెక్టుకి మారి, బయట చెల్లే పని కొంత వెనకేసుకుని రండి.

రెజ్యూమె రెండు పేజీలు దాటనివ్వకండి. చివరి పన్నెండేళ్లు వివరంగా, అంతకుముందుది ఒక్క లైనులో. ఇంటర్వ్యూలో “నాకు పద్నాలుగేళ్ల అనుభవం” అని మొదలుపెట్టకండి, అవతలివాడికి అది మీ వయసులాగే వినిపిస్తుంది. వాళ్ల సమస్య ఏమిటో ముందు అడగండి, అలాంటిది ఎక్కడ చూశారో, ఎలా బయటపడ్డారో చెప్పండి.

చిన్నవాళ్ల కింద పనిచేయడం గురించి కూడా అడిగారు. పాతికేళ్ల లీడ్ మీకు గిట్‌లో (కోడ్ మార్పులు దాచే టూల్) బ్రాంచ్ ఎలా తీయాలో చెప్తాడు. తాతకు దగ్గులు నేర్పినట్టే ఉంటుంది. నవ్వుకుని, వాళ్లు చెప్పిన పద్ధతిలోనే తీయండి, వాళ్ల పద్ధతికి ఏదో కారణం ఉండొచ్చు. “నేను ఇలాంటివి ఎన్ని చూశానో” అనే మాట నోట్లోంచి రానివ్వకండి. పని బాగా తెలిసీ రెన్యూవల్ రాని పెద్దవాళ్లలో చాలామందిని ముంచింది ఆ మాటే అని నా అనుమానం. ఇందాక చెప్పిన బిల్లింగ్ మైగ్రేషన్ పెద్దాయన రోల్‌బ్యాక్ గురించి ప్రశ్నగా అడిగాడు, పాఠంగా చెప్పలేదు. కుర్రాళ్లు ఆ తర్వాత ప్రతి ప్లానూ ముందు ఆయనకే చూపించేవాళ్లు.

మీరు ఏ టెక్నాలజీలో ఉన్నారో రాయలేదు. మెయిన్‌ఫ్రేమ్, ఎస్ఏపీ, డేటాబేస్ వైపు అయితే ఇప్పటినుంచే ఏజెన్సీలతో మాట్లాడటం మొదలుపెట్టండి, రేట్లు ఎలా ఉన్నాయో తెలుస్తుంది. మాన్యువల్ టెస్టింగో, కేవలం ప్రాజెక్ట్ కోఆర్డినేషనో అయితే మాత్రం ఇప్పుడు కదలమని చెప్పను. ఆ పనులకు కాంట్రాక్టు రేట్లు తక్కువ, పోటీ ఎక్కువ, వయసు అడ్డం వచ్చేది కూడా అక్కడే ఎక్కువ. కింద రాయండి, ఇంకాస్త వివరంగా చెప్తాను.